గోరా మాస్టారు పోగొట్టుకున్న నౌకరీ

మాది అరసవల్లి. మార్చి, అక్టోబరుల్లో గుడిలో సూర్యకిరణాలు స్వామి పాదాల్ని తాకే రోజుల్లో ఊరంతా మేలా. అదే ఊళ్లో గ్రహణమొస్తే తలుపులు బంద్. కడుపుతో ఉన్న ఆపాను మా అమ్మీ కూడా గదిలోంచి కదలనిచ్చేది కాదు. ఈ ఖౌఫ్‌కి మజహబ్ లేదు.

అందుకే సరస్వతి గారి గురించి చదివి హైరాన్ అయ్యాను. 1912లో మన విజయనగరంలో పుట్టారు. ఆ జమానాలోనే, కడుపుతో ఉండి గ్రహణం చూశారు. ఆమె షౌహర్ గోపరాజు రామచంద్రరావు. అందరికీ గోరాగా తెలిసినాయన.

గోరా వృక్షశాస్త్రం చెప్పే ఉస్తాద్. మదురైలో ఉండగా, క్రైస్తవం పుచ్చుకుంటే అమెరికాలో పైచదువు చెప్పిస్తామన్నారు. ఇన్కార్ చేశారు. కొలంబోలో పనిచేసి కాకినాడ పి.ఆర్. కాలేజీకి వచ్చారు. బ్రహ్మసమాజి రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు ఒకప్పుడు ప్రిన్సిపాల్‌గా ఉన్న కాలేజీ అది. సంస్కరణకు మషూర్. అక్కడ కూడా 1933లో గోరాను నాస్తికుడని బర్తరఫ్ చేశారు. తర్వాత బందరు హిందూ కాలేజీలో చేరారు. 1940లో అదీ వదిలి, కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. 1947లో దాన్ని విజయవాడకు మార్చారు.

ఇంట్లో చిన్నపిల్లలు. నెల జీతమే ఆధారం. దేవుడి మీద తన ఖయాల్ దాచుకుని పాఠం చెప్పుకుంటే నౌకరీ నిలిచేది. దాచుకోలేదు.

1944లో సేవాగ్రామ్ వెళ్లి గాంధీని కలిశారు. గాంధీ పక్కా నమ్మకస్తుడు. అయినా గోరాను దూరం పెట్టలేదు, కూర్చోబెట్టుకుని బహస్ చేశారు. గోరా కూతురికి దళిత యువకుడితో షాదీ తన సమక్షంలో జరిపిస్తానన్నారు. ఆయన హత్య తర్వాత, 1948లో ఆ పెళ్లి సేవాగ్రామ్‌లోనే జరిగింది.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, నేనూ బడి పంతులునే. చాలా ఏళ్ల కిందట మా స్కూల్లో ఒక మాస్టారు ప్రార్థనలో చేతులు జోడించేవారు కాదు. తనకు దేవుడు లేడని సాఫ్‌గా చెప్పేవారు. పిల్లలు చెడిపోతారని ఆయన మీద అర్జీ రాశారు. ఆయన పాఠం మీద ఒక్క షికాయత్ లేదు. అర్జీ నా దగ్గరికీ వచ్చింది. సాయిబు మాస్టారు సంతకం పెట్టకపోతే ఏమనుకుంటారోనని భయపడి పెట్టేశాను. ఆయన్ని బదిలీ చేశారు.

నేను ఈమాన్ ఉన్నవాణ్ని. ఐదు పూటలా నమాజ్ చేస్తాను. ఆయన నమ్మకపోతే నా ఖుదాకు వచ్చిన నుక్సాన్ ఏమీ లేదు. రేపు జుమ్మా నమాజ్‌కి వెళ్తున్నానని నా మీదే అర్జీ పెడితే, సంతకం చెయ్యనని ఎదురు తిరిగే మనిషి ఆ స్టాఫ్‌రూమ్‌లో ఆయనొక్కరే.

గోరా గారి గురించి అప్పటికే చదివుంటే సంతకం పెట్టకుండా ఉండేవాణ్నా? ఖసమ్ వేసి చెప్పలేను. ఆ మాస్టారు ఎక్కడున్నా, మాఫీ అడుగుతున్నాను.