జంషెడ్‌పూర్ టు శ్రీకాకుళం.. దూర ప్రయాణానికి బైక్‌ను సిద్ధం చేయడం ఎలా?

ఉక్కు కర్మాగారంలో ఉద్యోగాల కోసం ఉత్తరాంధ్ర నుంచి వెళ్లిన తెలుగు కుటుంబాలు జంషెడ్‌పూర్‌లో తరతరాలుగా స్థిరపడ్డాయి. అక్కడి నుంచి శ్రీకాకుళానికి రోడ్డు మార్గం 700 కిలోమీటర్లు దాటుతుంది. 18వ నంబరు జాతీయ రహదారిపై ఘాట్‌శిల, బహరగోడా, బారిపద మీదుగా బాలేశ్వర్ చేరాలి. అక్కడి నుంచి 16వ నంబరు జాతీయ రహదారిపై భువనేశ్వర్, ఇచ్ఛాపురం మీదుగా రావాలి. ఇంత దూరం ఇద్దరు మనుషులు, సామానుతో బైక్‌పై రావాలంటే బండిలో కొన్ని మార్పులు తప్పవు. అయితే బాక్సులు కొనే ముందు బండి ఎంత బరువు మోయగలదో చూసుకోవాలి.

బరువు లెక్క

బండి మోయగల గరిష్ఠ బరువు ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది. ఉదాహరణకు అది 180 కిలోలు అనుకుందాం. నడిపేవారు 75, వెనక కూర్చునేవారు 60, హెల్మెట్లు, జాకెట్లు 12 కిలోలు పోగా మిగిలేది 33 కిలోలే. ఇనుప ఫ్రేమ్, రెండు సైడ్ బాక్సులే 15 కిలోలు తూగితే సామానుకు దక్కేది 18 కిలోలు. అందుకే చాలామందికి బరువైన అల్యూమినియం బాక్సుల కన్నా గుడ్డతో చేసిన శాడిల్ బ్యాగులే నయం. కాకపోతే అవి సైలెన్సర్‌కు తగలకుండా చూసుకోవాలి. వానాకాలంలో రెయిన్ కవర్ తప్పనిసరి.

ఏ బరువు ఎక్కడ?

పనిముట్లు, నీళ్ల సీసాల వంటి బరువైనవి సైడ్ బ్యాగుల్లో అడుగున, రెండు వైపులా సమానంగా సర్దాలి. వెనక టాప్ బాక్సులో బట్టల వంటి తేలికైనవే పెట్టాలి. వెనక చక్రం దాటి బరువు పెరిగితే ముందు చక్రంపై భారం తగ్గి, వేగంలో హ్యాండిల్ ఊగుతుంది. లారీలను దాటేటప్పుడు ఇది మరీ ప్రమాదకరం. బరువు ఎక్కించాక వెనక సస్పెన్షన్‌ను బిగించాలి. టైర్లలో గాలి ఇద్దరికి చెప్పిన కొలత ప్రకారం నింపాలి. బండి వెనక్కి కుంగితే హెడ్‌లైట్ వెలుగు ఎదుటివారి కళ్లలో పడుతుంది కాబట్టి దాన్నీ సరిచేయాలి.

వెనక కూర్చునేవారి సుఖం

సీటు మరీ మెత్తగా ఉంటే గంటలోనే ఫోమ్ అణిగిపోయి నడుము నొప్పి మొదలవుతుంది. కాస్త గట్టి ఫోమ్, వెడల్పాటి సీటు మేలు. టాప్ బాక్సుకు అమర్చే బ్యాక్ రెస్ట్ వీపుకు ఆసరా ఇస్తుంది. అయితే బాక్సు మరీ ముందుకొస్తే కూర్చునే చోటు ఇరుకవుతుంది. సైడ్ బ్యాగులు కాళ్లకు అడ్డొస్తున్నాయేమో ఇద్దరూ కూర్చుని చూసుకున్నాకే ఫ్రేమ్ బిగించాలి. బ్యాగుల కోసం శారీ గార్డు తీసేయడం పెద్ద పొరపాటు. చీర కొంగు, చున్నీ చక్రంలో చిక్కుకుని ప్రాణాలు పోయే ప్రమాదం ఉంది.

చట్టం ఏమంటోంది?

వెనక కూర్చునేవారికి పట్టుకునే హ్యాండిల్, ఫుట్ రెస్ట్, చక్రంలో బట్టలు పడకుండా రక్షణ ఉండాలని కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 123వ నిబంధన చెబుతోంది. తేలికపాటి కంటైనర్ కొలతలు 550 మి.మీ. పొడవు, 510 మి.మీ. వెడల్పు, 500 మి.మీ. ఎత్తు దాటకూడదని 2020లో కేంద్రం నిర్దేశించింది. దాన్ని వెనక సీటు స్థానంలో పెడితే రెండో మనిషిని ఎక్కించుకోకూడదు.

రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీ సంస్థ ఇచ్చిన వాటికి భిన్నంగా ఉండేలా బండిని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ నిషేధిస్తోంది. 2019 సవరణతో ఇలాంటి ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. అందువల్ల ఛాసిస్‌ను కోసి వెల్డింగ్ చేయించడం కన్నా, ఆ మోడల్ కోసమే తయారై నట్లతో బిగించే ఫ్రేమ్‌లు వాడటం సురక్షితం. అనుమానం ఉంటే జిల్లా రవాణా కార్యాలయంలో ముందే అడగాలి. అదనపు పరికరాల విలువ బీమా పాలసీలో రాయించకపోతే, ప్రమాదంలో అవి దెబ్బతిన్నప్పుడు పరిహారం రాకపోవచ్చు.

ముందు ట్రయల్ రన్

అన్నీ అమర్చాక పూర్తి సామానుతో, ఇద్దరూ కూర్చుని 50 కిలోమీటర్లయినా తిరిగి రావాలి. తర్వాత ప్రతి నట్టూ మళ్లీ బిగించాలి. చైన్ వదులు, బ్రేకులు చూసుకోవాలి. ఆ ట్రయల్‌లోనే వెనక కూర్చున్నవారికి ఇబ్బందిగా అనిపిస్తే మార్పులు సరిపోలేదనే అర్థం. ఊరికి బయల్దేరే ముందే వాటిని సరిచేసుకోవాలి.