పోపులపెట్టె, పాకెట్ పీసీ, మా అత్తమ్మ లెక్క

మా ఇంట్లో పాల లెక్క ఇప్పటికీ గోడ కేలండర్ మీదే. పాలు రాని రోజు తేదీ చుట్టూ సున్నా, అరలీటరు ఎక్కువ పోయించుకున్న రోజు పక్కన ఒక గీత. గ్యాస్ బండ ఎప్పుడు మార్చామో, చీటీ డబ్బు ఎప్పుడు కట్టాలో అన్నీ ఆ కాగితం మీదే. మొన్న మా అమ్మాయి చూసి నవ్వింది. "ఇవన్నీ ఫోన్‌లో పెట్టుకోవచ్చు కదమ్మా" అంది. పెట్టుకోవచ్చు. ఒకప్పుడు పెట్టుకున్నాం కూడా. ఫోన్లలోకి ఇవన్నీ రాకముందే మా ఇంట్లో రెండు చేతి యంత్రాలు ఉండేవి. ఆ రెంటికీ ఒకదానికొకటి పొసిగేది కాదు. ఆ కథ దానికి చెప్పాక మీకూ చెప్పాలనిపించింది.

అది 2002. అనంతపురంలో వాన ముఖం చూడని ఏడాది. మామూలు రోజుల్లోనే మా జిల్లాకు ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల పడుతుంది, ఆ ఏడు అదీ లేదు. శెనక్కాయ చేలు పూత దశలోనే ఎండిపోయాయి. అలాంటి ఏడాదే బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మా మరిది చేతిలో అరచేయంత యంత్రం పట్టుకుని పండక్కి దిగాడు. దానికి ఒక పుల్లలాంటి కలం. మా మామ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏందిరా ఇది, పలకనా?" అన్నారు. నిజానికి అంతకంటే బాగా దాన్ని వర్ణించినవాళ్లను నేను ఇంతవరకూ చూడలేదు.

మరిదిది పామ్. నాలుగు నెలలు తిరక్కుండా మా ఆయన పంతానికి పోయి స్నేహితుడి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో పాకెట్ పీసీ కొన్నాడు. ఇక చూడండి, పండగొచ్చినా పబ్బమొచ్చినా అన్నదమ్ములిద్దరూ వసారాలో కూర్చుని నాది గొప్పంటే నాది గొప్పని వాదన. నేను వంటింట్లోంచి వింటూ వింటూ సగం నేర్చుకున్నాను, మిగతా సగం తర్వాత చదివి తెలుసుకున్నాను.

యంత్రం పైకి ఎలా ఉన్నా, లోపల దాన్ని నడిపించేది ఆపరేటింగ్ సిస్టమ్. మన భాషలో చెప్పాలంటే వంటింటి సర్దుడు. గిన్నెలు, పొయ్యి అందరికీ ఉంటాయి. ఉప్పు ఎక్కడ, చింతపండు ఎక్కడ, చెయ్యి చాపితే ఏది అందాలి అన్నది ఆ ఇంటావిడ సర్దుడును బట్టి ఉంటుంది. నా వంటింట్లో మా తోడికోడలు వంట చేస్తే ఎలా తడుముకుంటుందో, ఒక సిస్టమ్‌కు అలవాటైనవాళ్లు రెండో దాంట్లో అలాగే తడుముకుంటారు.

ఈ చేతి యంత్రాల్లో ముందు పేరు మోసింది యాపిల్ వాళ్ల న్యూటన్, 1993లో. మనం చేత్తో రాస్తే అది చదువుతుందన్నారు. ఎవరి చేతిరాతనైనా గుర్తుపట్టాలని దాని ఆశ. మొదట్లో తప్పులు చదివి నలుగురిలో నవ్వులపాలైంది. ధరా ఎక్కువే, సైజూ ఎక్కువే. 1998 ఫిబ్రవరిలో దాన్ని ఆపేశారు.

జెఫ్ హాకిన్స్ అనే ఆయన దీన్ని తిరగేసి ఆలోచించాడు. యంత్రం మన రాత నేర్చుకోవడం ఎందుకు, మనమే కాస్త రాత మార్చుకుంటే పోలేదా అని. గ్రాఫిటీ అనే లిపి పెట్టాడు. అక్షరానికి ఒకే గీత, ఇంగ్లీషు 'ఏ'కి అడ్డగీత కూడా ఉండదు. ఎలక్ట్రానిక్ యంత్రం తయారు కాకముందే ఆయన అంత సైజు చెక్కముక్క ఒకటి జేబులో వేసుకుని తిరిగేవాడట. ఎవరైనా ఫోన్ నంబరు చెబితే ఆ చెక్క తీసి రాసినట్టు నటించేవాడట. నిజంగా వాడేటప్పుడు ఏం కావాలో అలా తేల్చుకున్నాడన్నమాట. ఆ కంపెనీని నడిపింది డోనా డుబిన్‌స్కీ, ఒక ఆడమనిషి. 1996లో వాళ్ల మొదటి పైలట్ వచ్చింది. 128 కిలోబైట్ల మెమరీతో మొదలు. ఇప్పుడు మన వాట్సాప్‌లో వచ్చే ఒక్క గుడ్ మార్నింగ్ బొమ్మ కూడా అందులో పట్టదేమో! కానీ సన్న సెల్లులు రెండు వేస్తే వారాల తరబడి నడిచేది.

అందుకే నేను పామ్ ఓఎస్‌ను పోపులపెట్టె అంటాను. రోజూ కావలసినవి నాలుగే: తేదీలు, చిరునామాలు, చెయ్యాల్సిన పనులు, చిన్న చిన్న రాతలు. నాలుగూ మూత తీయగానే చేతికి అందుతాయి. ఒకసారికి ఒకే పని, అదీ ఆలస్యం లేకుండా.

మైక్రోసాఫ్ట్ వాళ్లది ఇంకో దారి. 1996 చివర్లోనే విండోస్ సీఈ తెచ్చారు. 1998లో అరచేతి సైజు యంత్రాలకు దాన్ని కుదించారు. వాటికి 'పామ్' అని కలిసేలా పేరు పెట్టబోతే పామ్ కంపెనీ కోర్టుకెక్కింది, పేరు మార్చుకోవాల్సి వచ్చింది. 2000లో పాకెట్ పీసీగా సర్దుకొచ్చారు. అందులో చిన్న వర్డ్, చిన్న ఎక్సెల్, రంగుల తెర, పాటలు, ఒకేసారి రెండు మూడు పనులు. తిరునాళ్లకు పోతూ వంటిల్లంతా ట్రంకు పెట్టెలో సర్దుకున్నట్టు. అన్నీ ఉంటాయి, కావలసింది మాత్రం అడుగున ఉంటుంది. మెమరీ ఎక్కువ కావాలి, ఛార్జి చూస్తుండగానే దిగిపోతుంది. కానీ శెనక్కాయ ఖర్చుల పట్టిక వేసి కూడిక చేయాలంటే మా ఆయన యంత్రంలోనే సుఖంగా ఉండేదని ఒప్పుకోవాలి.

మూడోది ఇంగ్లండు వాళ్ల సయాన్ కంపెనీ ఈపాక్. అదే 1998లో నోకియా, ఎరిక్‌సన్, మోటరోలాలతో కలిసి సింబియన్ అయింది. అప్పట్లో మా ఇంట్లో దాని పేరు కూడా ఎవరికీ తెలీదు.

ఈ గొడవలన్నిటిలో నాకు కొరవ ఒకటే. వీటిలో తెలుగు లేదు. "వేపచెట్టు పక్క బోరు" అని రాయాలంటే ఇంగ్లీషు అక్షరాల్లో రాయాలి. మా మామ చదువుకోలేరు, మా అత్తమ్మ అసలు ముట్టుకోదు. ఇంటి లెక్క ఇంటివాళ్లకే చదవరాని చోటికి పోయింది.

ఇక అసలు సంగతి. 2003 సంక్రాంతికి అన్నదమ్ములిద్దరూ మామను కూర్చోబెట్టి బోర్ల లెక్క రాసుకున్నారు. మా చేనుల్లో అప్పటికి 11 బోర్లు పడ్డాయి. అందులో నీళ్లు నిలిచింది రెండింట్లో. ఏది ఏ మూల వేశారు, ఎన్ని అడుగులు పోయింది, ఎక్కడ బండ తగిలింది, ఎక్కడ తడి కనబడి ఆగిపోయింది, అంతా ఆయనకు నోటికే. మా దగ్గర ఇదేం చిన్న విషయం కాదు. ఎండిన బోరు పక్కనే మళ్లీ బోరు వేస్తే ఆ డబ్బు మట్టిపాలే. చెప్పిందంతా ఒక యంత్రంలోకి ఎక్కింది. ఎవరి యంత్రమో చెప్పను. తప్పు దానిది కాదు, మాది.

ఆ మే నెలలో మామ పోయారు. ఊళ్లో దినాలు, బంధువులు, పెద్దకర్మ. యంత్రం సంచిలో ఎక్కడో అడుగున పడి ఉంది. నెల తర్వాత తీసి ఛార్జి పెడితే అప్పుడే కొన్నట్టు వెలిగింది. తేదీ అడిగింది, భాష అడిగింది. లోపల ఏమీ లేదు.

ఆ కాలం యంత్రాల్లో పామ్ అయినా పాకెట్ పీసీ అయినా మనం రాసినదంతా ర్యామ్‌లో ఉండేది. కరెంటు ఉన్నంతసేపే దానికి జ్ఞాపకం. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే మనం రాసినదీ దానితో పాటే. రోజూ కంప్యూటర్‌కు తగిలిస్తారు, అక్కడ ఒక నకలు ఉంటుంది అన్నది వాటిని చేసినవాళ్ల లెక్క. కంప్యూటర్ లేని ఊళ్లో, నెలరోజులు చావింట్లో ఉన్నవాళ్ల సంగతి ఆ లెక్కలో లేదు. విండోస్ వాళ్లు 2005లో వచ్చిన కొత్త రకంలో గానీ దీన్ని సరిచేయలేదు.

2004 ఎండాకాలం బోరు వేయక తప్పలేదు. ఉన్న రెండింట్లో ఒకటి ఎండిపోయింది. నీళ్లు చూసేవాడు కొబ్బరికాయ పట్టుకుని తిరిగి, పైచేను ఈశాన్యం మూల చూపించాడు. 350 అడుగులు పోయినా దుమ్మే లేచింది. పాతిక వేల దాకా పోయింది, అదీ అప్పు తెచ్చింది. సాయంత్రం అందరం తలలు వంచుకుని కూర్చుంటే అత్తమ్మ మెల్లగా అంది: "ఆ మూల నా కమ్మలు పోయినాయి గదరా. మళ్లీ ఆడనే ఏస్తిరి."

ఎవరికీ అర్థం కాలేదు. మా ఆయన అడిగితే చెప్పడం మొదలుపెట్టింది. మొదటి బోరుకు పుట్టింటోళ్లు పెట్టిన గాజులు, వేపచెట్టు పక్క, 180 అడుగులు, నీళ్లు పడినాయి. మూడో బోరుకు కాసులపేరు, కాలవ గట్టున, బండ తగిలింది. అయిదోదానికి కమ్మలు, ఈశాన్యం మూల. ఏడోదానికి మా ఆడపడుచు పెళ్లికని దాచిన గొలుసు. అలా పదకొండూ చెప్పింది. ఏ నగ ఏ బ్యాంకులో, ఏది విడిపించారు, ఏది వేలంలో పోయింది అన్నీ వరసగా. "మరి ముందే చెప్పొచ్చు కదమ్మా" అన్నాడు మరిది. "నన్నెవురడిగినార్రా?" అంది.

మాలో ఎవరమూ అడగలేదు. వాళ్లిద్దరి సంగతి సరే, వంటింట్లోంచి అన్నీ వింటూ కూర్చున్న నేనూ అడగలేదు. ఇది రాస్తుంటే కూడా నాకు సిగ్గుగానే ఉంది.

మేం ఆ బోరు వేసిన ఎండాకాలమే, 2004 మార్చిలో, మాకు రెండు వందల కిలోమీటర్ల చిల్లర దూరంలో బెంగుళూరులో ఇంకో చేతి యంత్రం అమ్మకానికొచ్చింది. అది సింప్యూటర్. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ప్రొఫెసర్లు స్వామి మనోహర్, విజయ్ చంద్రు, రమేశ్ హరిహరన్, వి. వినయ్, వాళ్లతో ఎన్‌కోర్ కంపెనీ వినయ్ దేశ్‌పాండే కలిసి 2001లోనే నమూనా చూపించారు. లోపల నడిచేది పామూ కాదు, విండోసూ కాదు, లైనక్స్. ఎవరి సొత్తూ కానిది, ఎవరైనా మార్చుకోదగినది. చదువు రానివాళ్ల కోసం రాసింది పైకి చదివి వినిపించాలని దానికి 'ధ్వని' అనే సాఫ్ట్‌వేర్ రాశారు. హిందీ, కన్నడం లాంటివాటితో మొదలైన ధ్వనికి తర్వాత వేరేవాళ్ల చేతుల్లో తెలుగు కూడా వచ్చింది. నాకు బాగా నచ్చినది మాత్రం ఇంకొకటి: ఊరంతటికీ ఒక్క యంత్రం చాలు, మనిషికొక స్మార్ట్ కార్డు ఉంటే ఎవరి లెక్క వాళ్ల కార్డులో ఉంటుందన్న ఆలోచన. పామ్, విండోస్ రెండూ జేబుకొక యంత్రం అనుకున్నాయి. ఊరిని మనసులో పెట్టుకుని మొదలుపెట్టింది ఇదొక్కటే.

కానీ అది నిలబడలేదు. ప్రభుత్వ రంగంలోని భారత్ ఎలక్ట్రానిక్స్ తయారుచేసిన అమిడా రకం ధర పదివేలకు కాస్త తక్కువ నుంచి దాదాపు ఇరవై వేల దాకా ఉండేది. కరువు జిల్లాలో ఆ డబ్బుకు బోరు మోటారు వస్తుంది. 50,000 అమ్మాలనుకుంటే 2005 నాటికి అమ్ముడైనవి 4,000 చుట్టుపక్కలే. ఈలోగా టార్చి లైటున్న నోకియా ఫోన్ మా ఊరి రచ్చబండ దాకా వచ్చేసింది. తేదీలు, నంబర్లు, అలారాలు అన్నీ ఫోన్‌లోకే పోయాయి. నోకియా పెద్ద ఫోన్ల లోపల ఉన్నది ఆ సింబియనే. అన్నదమ్ములు కొట్టుకుంటుంటే మూడోవాడు వచ్చి చేను దున్నుకున్నట్టయింది. తర్వాత 2007లో ఐఫోన్, 2008లో ఆండ్రాయిడ్ ఫోన్ వచ్చి ఆ మూడోవాణ్ణీ సాగనంపాయి. పామ్ కంపెనీని 2010లో హెచ్‌పీ కొనేసింది.

ఆ స్మార్ట్ కార్డు ఆలోచన మాత్రం వేరే రూపంలో మా జిల్లాకే వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న దేశం మొత్తంలో ఉపాధి హామీ పథకం మొదలైంది మా నార్పల మండలం బండ్లపల్లిలోనే. ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చారు. కొన్నేళ్లకు కూలి డబ్బు, పింఛన్లు ఇవ్వడానికి కార్డులు, వేలిముద్ర తీసుకునే చేతి యంత్రాలు వచ్చాయి. ఊళ్లో ఆ యంత్రం పట్టుకుని డబ్బు పంచే పనికి డ్వాక్రా సంఘాల ఆడవాళ్లనే పెట్టాలన్నది నియమం. కార్తీక్ మురళీధరన్ తదితరులు 8 జిల్లాల్లో, అందులో అనంతపురం కూడా ఉంది, దీన్ని పరిశీలించి 2016లో ప్రచురించారు. కూలి త్వరగా చేతికందిందని, దారిలో జారిపోయే డబ్బు తగ్గిందని తేలింది. ఆ యంత్రంలో ఏ ఓఎస్ ఉందని మా ఊళ్లో ఎవరూ అడగలేదు. "పడిందా?" అనే అడిగేవాళ్లు.

ఇప్పుడు మా అత్తమ్మకు 80 దాటాయి. ఆ 2004 రాత్రే నేనొక పొడుగు నోటుబుక్కు తీసి ఆమె చెప్పిందంతా తెలుగులో రాసుకున్నాను. ఒక వరసలో బోరు, పక్క వరసలో నగ. దాన్ని ఫొటోలు తీసి ఫోన్‌లో పెట్టాను, పిల్లలకు పంపాను, నోటుబుక్కు బీరువాలో ఉంచాను. మూడు చోట్ల ఉంటే ఎక్కడో ఒకచోట మిగులుతుంది. మా ఆయన ఆ నోటుబుక్కు చూడకుండా మళ్లీ బోరు జోలికి పోలేదు.

మీ ఇంట్లోనూ ఇలాంటి లెక్కలు ఉండే ఉంటాయి. ఏ యంత్రంలో రాసుకుంటారన్నది మీ ఇష్టం. ముందు ఆ పెద్దావిడ పక్కన కూర్చుని అడగండి.