పుట సంఖ్య ఎవరి సొత్తు?

ఒక సాహిత్య జాలస్థలి ముఖపుట చక్కగా ఉంటుంది. పైన కథలు, క్రింద కవితలు. కథల చివర ఉన్న "పాతవి" అనే లంకె నొక్కగానే కథలతో పాటు కవితలు కూడా కదిలిపోతాయి. లేదా ఇంతకు ముందు చదివిన కథలే మళ్ళీ వస్తాయి. లేదా "మీరు కోరిన పుట లేదు" అన్న సమాధానం ఎదురవుతుంది. రచన భద్రంగానే ఉన్నది. దాని దగ్గరకు పోయే దారి లేదు. చదువరి దృష్టిలో ఈ రెండింటికీ తేడా లేదు.

ఇది కంప్యూటర్లతో పుట్టిన జబ్బు కాదు. ఒకే త్రాటికి రెండు గ్రంథాలు గుచ్చిన కాలం నుండి ఉన్నదే. పుట సంఖ్యకు స్వతహాగా అర్థం లేదు. అది ఏ వరుసకు చెందినది, ఆ వరుస ఏ క్రమంలో ఉన్నది, మొత్తం ఎంత అన్న మూడు సంగతులు తెలిస్తేనే "రెండవ పుట" అన్న మాటకు అర్థం వస్తుంది.

తాళపత్ర గ్రంథాలను చూడండి. గంటంతో వ్రాసి, మసి పూసి, రంధ్రంలో త్రాడు దూర్చి కట్టేవారు. సంఖ్య వేసేది పుటకు కాదు, ఆకుకు. ఒకే కట్టలో రెండు మూడు గ్రంథాలుండడం సర్వసాధారణం. కొన్ని కట్టలలో రెండవ గ్రంథానికి సంఖ్య మళ్ళీ ఒకటితో మొదలవుతుంది. కొన్నింటిలో కట్ట మొత్తానికీ ఒకటే వరుస. త్రాడు తెగి ఆకులు కలిసిపోతే, మొదటి రకం కట్టలో పన్నెండవ ఆకులు రెండు తేలుతాయి. ఏది దేనిదో సంఖ్య చెప్పలేదు. మొత్తం తెలియడానికి మాత్రం లేఖకులకు ఒక పద్ధతి ఉండేది: ముప్పది రెండు అక్షరాలను ఒక గ్రంథంగా లెక్కించి, రచన పరిమాణాన్ని గ్రంథసంఖ్యగా చెప్పేవారు.

మన కావ్యకర్తల ఏర్పాటు ఇంకొకటి. ఆశ్వాసం ముగిసిన ప్రతిచోటా గద్య వ్రాసి, కవి పేరు, కావ్యం పేరు, ఎన్నవ ఆశ్వాసమో చెప్పడం. ఆకులు ఎంత చెదిరినా ఆ గద్య ఉన్న ఆకు తన ఇంటి పేరు తానే చెప్పుకుంటుంది. 1885లో వెలువడిన శబ్దరత్నాకరంలో బహుజనపల్లి సీతారామాచార్యులవారు భారత ప్రయోగాలకు పర్వాన్నీ ఆశ్వాసాన్నీ గుర్తుగా ఇచ్చారు గాని పుట సంఖ్యను కాదు. ఏ ముద్రణ చేతిలో ఉన్నా ఆ గుర్తు చెల్లుతుంది. వేమన పద్యాలకు ఈ అదృష్టం లేదు. బ్రౌను దొర 1829లో అచ్చు వేయించిన కూర్పులో 693 పద్యాలు. 1839 నాటి కూర్పులో 1164. "వేమన నూరవ పద్యం" అంటే ఏ కూర్పులో అని అడగవలసిందే.

అచ్చుయంత్రం వచ్చాక పీఠికకు విడి అంకెలు, గ్రంథానికి విడి అంకెలు వేయడం ఆచారమైంది. పీఠిక చాలాసార్లు చివరగా అచ్చయ్యేది; అది ఎన్ని పుటలైనా గ్రంథం ఒకటవ పుటతోనే మొదలుకావాలి. అందుకే ఒకదానికి రోమన్ అంకెలు, రెండవదానికి మామూలు అంకెలు. ఒకే అట్టల మధ్య రెండు వరుసలున్నప్పుడు రెండు లెక్కలుండాలనీ, ఆ రెండూ చూడగానే వేరుగా తెలియాలనీ అచ్చువారు ఏనాడో గ్రహించారు.

జాలస్థలుల వారు దీనిని మళ్ళీ మొదటి నుండి నేర్చుకోవలసి వచ్చింది. మిషెల్ వాల్‌డ్రిగి రూపొందించిన బీ2 అనే ఉపకరణం ఆధారంగా మాట్ ముల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ 2003 మే నెలలో వర్డ్‌ప్రెస్‌ను విడుదల చేశారు. 2005లో వచ్చిన 1.5 కూర్పుతో థీములు ప్రవేశించాయి. అంతవరకు ముఖపుట అంటే ఒకే వరుస, కొత్త రచన పైన, పాతది క్రింద. థీములు వచ్చాక ఒకే పుటలో మూడు నాలుగు జాబితాలు అమర్చవచ్చునన్న ఆశ పుట్టింది. ఒక్కొక్క జాబితాకు డేటాబేసును ఒక్కొక్క ప్రశ్న అడగాలి. కానీ చిరునామాలో వచ్చే పుట సంఖ్య ఒక్కటే. దాని పేరు "పేజ్డ్".

చిక్కు ఇక్కడే ఉన్నది. థీము ఇంకా తెరుచుకోకముందే వర్డ్‌ప్రెస్ తన ప్రధాన ప్రశ్న అడిగేస్తుంది. కోరిన పుట ఉన్నదా లేదా అన్న తీర్పు ఆ జవాబును బట్టే ఇస్తుంది. జాలస్థలిలో 60 వ్యాసాలున్నాయనుకోండి. అమరికలలో పుటకు 10 అని ఉంటే ప్రధాన ప్రశ్న లెక్కకు 6 పుటలు. థీములోని రెండవ ప్రశ్న పుటకు 5 చొప్పున అడిగితే దాని లెక్కకు 12 పుటలు. క్రింద 12 వరకు లంకెలు కనబడతాయి. ఏడవ పుట నొక్కితే లేదంటుంది. ముప్పది పాత వ్యాసాలు ఉండీ లేనివైపోతాయి.

మా ఉండి ప్రాంతపు రైతుకు ఇది వివరించి చెప్పనక్కరలేదు. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నీరు పశ్చిమ డెల్టా కాలువలలో పడి, ఉండి కాలువ వంటి శాఖలుగా చీలి, బోదెలలోకి దిగుతుంది. దాళ్వాలో నీరు తగ్గితే వంతులు పెడతారు. పై లాకు దగ్గర ఒక లెక్క, క్రింది తూము దగ్గర మరొక లెక్క నడిస్తే ఎండేది శివారు చేలే. ఎగువన నిలబడి చూసిన వారికి కాలువ నిండుగానే కనబడుతుంది. జాలస్థలి శివారు దాని పాత రచనలు. ముఖపుట మాత్రమే చూసేవారికి అవి ఎండిపోయిన సంగతి తెలియదు.

ఇక మందు. పుటలో పుటలుగా విడగొట్టవలసిన జాబితా ఒక్కటే అయితే రెండవ ప్రశ్న అడగనే కూడదు. ప్రధాన ప్రశ్ననే, అది డేటాబేసును చేరకముందే, "ప్రీ_గెట్_పోస్ట్స్" అనే హుక్ దగ్గర సవరించాలి. అది ప్రధాన ప్రశ్నేనా అని తెలుసుకునే సాధనం 2011లో, 3.3 కూర్పుతో వచ్చింది. అంతకు ముందు చాలా థీములు వాడిన "క్వెరీ_పోస్ట్స్" ప్రధాన ప్రశ్నను మధ్యలో మార్చివేసేది. దానిని థీములలో వాడవద్దని వర్డ్‌ప్రెస్ వారి పత్రాలే చెబుతున్నాయి.

జాబితాలు రెండై, రెండింటికీ పుటలు కావాలంటే అచ్చువారి దారే శరణ్యం: చెరొక లెక్క. కథలకు ఒక చలరాశి, కవితలకు మరొకటి. చిరునామాలో రెండు సంఖ్యలూ వేరు పేర్లతో కనబడాలి. ఒకటి కదిలినా రెండవది నిలిచి ఉండాలి. ముందుగా ఒక రచనను పైన ప్రత్యేకంగా చూపి, మిగిలినవాటిని "ఆఫ్‌సెట్"తో జరిపితే వర్డ్‌ప్రెస్ పుట సంఖ్యను పట్టించుకోదు. ప్రతి పుటలోనూ అవే రచనలు వస్తాయి. అప్పుడు పుటను బట్టి ఎన్ని దాటాలో మనమే లెక్కగట్టి, పైన చూపినదాన్ని మొత్తంలో నుండి తీసివేయాలి. స్థిరమైన ముఖపుట పెట్టుకున్నచోట సంఖ్య "పేజ్డ్" పేరుతో కాక "పేజ్" పేరుతో వస్తుందని కూడా మరువరాదు. రెండవ ప్రశ్న ముగిశాక మొదటిదానిని యథాస్థితికి తేవాలి. అందుకు "డబ్ల్యుపి_రీసెట్_పోస్ట్‌డేటా" 2010 నుండి ఉన్నది. ఒకే తేదీ గల రచనలుంటే తేదీతో పాటు రచన సంఖ్యను కూడా క్రమానికి ఆధారం చేయాలి. లేకుంటే పుటల సరిహద్దులో ఒకటి రెండుసార్లు కనబడి మరొకటి జారిపోవచ్చును.

బ్లాగ్‌స్పాట్ వారిది వేరు దారి. అక్కడి "పాత టపాలు" లంకెలో పుట లెక్క ప్రధానం కాదు, తేదీ ప్రధానం. ఫలానా సమయానికి ముందువి చూపమని అడుగుతుంది. కొత్త రచనలు ఎన్ని చేరినా ఆ గీటు జరగదు. పర్వాన్నీ ఆశ్వాసాన్నీ గుర్తుపెట్టిన నిఘంటుకారుల పద్ధతికి ఇది దగ్గర చుట్టం.

సొంత జాలస్థలి నడిపే మిత్రులకు ఒక మనవి. థీము మార్చినప్పుడల్లా ముఖపుట చూసి సంతోషించి ఊరుకోకండి. చిట్టచివరి పుట నొక్కి, మీరు మొట్టమొదట వ్రాసిన రచన అక్కడ కనబడుతున్నదో లేదో చూడండి. నీరు అందిందో లేదో తెలియాలంటే శివారుకే వెళ్ళాలి.