ఇరవై అయిదుతో ఆగని బేతాళుడు

1985లో రామానంద్ సాగర్ దూరదర్శన్ కోసం 'విక్రమ్ ఔర్ బేతాళ్' తీశాడు. అరుణ్ గోవిల్ విక్రముడు, సజ్జన్ బేతాళుడు. రెండేళ్ల తర్వాత ఇదే గోవిల్ 'రామాయణ్'లో రాముడయ్యాడు. ఆ బేతాళ్ సీరియల్‌ని మా కదిరి వైపు చూసినవాళ్లలో హిందీ వచ్చినవాళ్లు తక్కువే. అయినా కథ ఎవరికీ తప్పిపోలేదు. భుజాన శవం, చేత కత్తి, వెనక శ్మశానం: చందమామ పత్రికలో చిత్రకారుడు శంకర్ వేసిన శీర్షిక బొమ్మలో అవన్నీ ఎప్పుడో చూసేశాం.

మూలం చాలా పాతది. గుణాఢ్యుడు పైశాచీ భాషలో రాశాడనే బృహత్కథ మనకు దక్కలేదు. ఆయన్ని సాతవాహన రాజు కొలువుతో ముడిపెడుతుంది సంప్రదాయం. బృహత్కథను ఆధారం చేసుకుని 11వ శతాబ్దపు కశ్మీరంలో క్షేమేంద్రుడు బృహత్కథామంజరి, సోమదేవుడు కథాసరిత్సాగరం రాశారు. బేతాళుడి ఇరవై అయిదు కథలూ రెంటిలోనూ ఉన్నాయి. సోమదేవుడి రాజు పేరు త్రివిక్రమసేనుడు. శవం వేలాడే చెట్టు శింశుప. మా ఊహలో మాత్రం అది మర్రే. కదిరి దగ్గర ఎకరాల కొద్దీ ఊడలు దించుకున్న తిమ్మమ్మ మర్రిమానును చూసిన పిల్లలకు దయ్యం ఉండే చెట్టు వేరేది ఎందుకు తోస్తుంది?

ఆ ఇరవై అయిదింటిలో నాకు బాగా నచ్చిన కథ ఒకటుంది. ఒక అమ్మాయిని ముగ్గురు ప్రేమిస్తారు. ఆమె చనిపోతుంది. ఒకడు చితాభస్మం మీదే పడుకుంటాడు, ఒకడు ఎముకలు గంగకు తీసుకెళ్తాడు, మూడోవాడు దేశాలు తిరిగి మృతసంజీవని మంత్రం తెస్తాడు. ఆమె మళ్లీ బతికితే ఎవరి భార్య? ప్రాణం పోసినవాడు తండ్రి, అస్థికలు మోసినవాడు కొడుకు, బూడిదను వదలనివాడే భర్త అంటాడు రాజు. నోరు విప్పాడు కనుక శవం మళ్లీ చెట్టెక్కుతుంది. చివరి కథకు రాజు దగ్గర జవాబుండదు. ఆ మౌనానికి మెచ్చిన బేతాళుడు, శవాన్ని తెమ్మన్న సన్యాసి కుట్ర చెప్పేస్తాడు. అక్కడితో అయిపోతుంది. సాగర్ కూడా 26 భాగాలకే ముగించాడు.

చందమామ ముగించలేదు. కడప జిల్లా పొట్టిపాడు వాడైన బి. నాగిరెడ్డి, తెనాలి చక్రపాణి కలిసి 1947 జులైలో మద్రాసు నుంచి మొదలుపెట్టిన పత్రిక అది. 1950లలో బేతాళకథలు వచ్చి చేరాయి. ఉన్నవి అయిపోయాక కొత్తవి పుట్టించడానికి పూనుకున్నారు. ఆ సాహసం నాకు ఇప్పటికీ అబ్బురమే. బేతాళకథ అల్లడం తేలిక కాదు. చివర ఎవరో ఒకరు అన్యాయంగానో తెలివితక్కువగానో చేసినట్టు కనిపించాలి. అసలు కారణం కథలోనే ఉండాలి, కానీ చదివేవాడి కంట పడకూడదు. విక్రమార్కుడు చెప్పగానే "అవును కదా!" అనిపించాలి. కారణం ముందే తెలిసిపోతే బేతాళుడి ప్రశ్నకు పనిలేదు. అస్సలు జాడ లేకపోతే రాజు చెప్పింది బుకాయింపు అవుతుంది. ఎవరో పంపిన మామూలు జానపద కథని కూడా ఈ అచ్చులోకి ఒదిగేలా తిరగరాసిన చెయ్యి ఎక్కువగా కొడవటిగంటి కుటుంబరావుది. 1952 నుంచి 1980లో పోయేదాకా ఆ బల్ల దగ్గరే కూర్చున్నాడాయన. సంపాదకుడిగా చాలాకాలం అచ్చయింది చక్రపాణి పేరు.

కామిక్ పుస్తకం అందామంటే బేతాళకథలో గడులు లేవు, మాటల బుడగలు లేవు. ఉన్నవి కొద్ది బొమ్మలే. కానీ టీవీ వేషాలకన్నా అవే మా మనసులో నిలిచాయి. వాటిని గీసిన శంకర్, అసలు పేరు కె.సి. శివశంకరన్, ఆరు దశాబ్దాలు చందమామకే పనిచేసి 2020లో కన్నుమూశాడు. అప్పటికే పత్రిక ఆగిపోయింది.

బేతాళకథలను ఇకమీదట పుస్తకాలుగా తెచ్చేవాళ్లు బొమ్మ కింద శంకర్ పేరు ఎలాగూ వేస్తారు. కథ కింద కుటుంబరావు పేరు కూడా, ఆయన రాసినవని తేలిన ప్రతిచోటా, వేయాలి.