వాన తగ్గేకొద్దీ పెద్దవైన కౌంటీలు

టెక్సస్‌లో 254 కౌంటీలున్నాయి. అమెరికాలో మరే రాష్ట్రానికీ ఇన్ని లేవు. తర్వాతి స్థానంలో ఉన్న జార్జియాకు 159. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపినా టెక్సస్ విస్తీర్ణంలో వాటికి రెండున్నర రెట్లుంటుంది. లూసియానా సరిహద్దున ఏటా 1,400 మిల్లీమీటర్లకు పైగా కురిసే వాన, పడమటి కొసన ఎల్ పాసో చేరేసరికి 250 మిల్లీమీటర్లయినా ఉండదు. కౌంటీల పటం అర్థం కావాలంటే ముందు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

1836లో మెక్సికో నుంచి విడిపోయినప్పుడు అప్పటి 23 మునిసిపాలిటీలే కౌంటీలయ్యాయి. భూమి దస్తావేజైనా, పన్నైనా, వ్యాజ్యమైనా కౌంటీ కోర్టుహౌస్‌లోనే తేలాలి; గుర్రం మీద వెళ్లిరావాలి. తూర్పున వానలు, పైన్ అడవులు, పత్తి చేలు ఉన్నచోట జనం త్వరగా పెరిగారు. కోర్టుహౌస్ తమకు దగ్గరగా కావాలని అడిగినకొద్దీ పాత కౌంటీలు చీలాయి. అందుకే అక్కడివి చిన్నవి. వాటి హద్దులు చాలాచోట్ల సబీన్, ట్రినిటీ, బ్రాజోస్ వంటి నదుల వెంట వంకరలు తిరుగుతాయి.

ఉత్తరాన పెనం పిడిలా పొడుచుకొచ్చిన పాన్‌హ్యాండిల్ తీరు వేరు. అక్కడ కౌంటీలు చదరంగం గళ్లలా ఉంటాయి. కౌంటీలు లేని ప్రాంతంలో కొత్తగా ఏర్పరిచేవి 900 చదరపు మైళ్లకు తగ్గకుండా, వీలైనంతవరకు చతురస్రంగా ఉండాలని 1876 రాజ్యాంగం చెప్పింది. ఆ ఏడాదే శాసనసభ 54 కౌంటీలను ఏర్పరిచింది. ఆ గళ్లను ఖాళీ నేల మీద గీశారనుకుంటే పొరపాటు. అది కొమాంచీలు, కయొవాలు అడవిదున్నల వెంట తిరిగిన గడ్డి మైదానం. 1874 సెప్టెంబరులో పాలో డ్యూరో లోయలో సైన్యం వారి శిబిరాలను తగలబెట్టి, పట్టుకున్న గుర్రాల్లో వెయ్యికి పైగా కాల్చి చంపింది. గుర్రాలు లేక, చలికి, ఆకలికి తాళలేక వారు రిజర్వేషన్‌కు తరలారు. 1875 జూన్‌లో కొమాంచీ నాయకుడు క్వానా పార్కర్ బృందం లొంగిపోయింది. మరుసటి ఏడాదే గళ్లు పడ్డాయి. చక్కగా కనిపించే ఆ సరళరేఖల వెనక ఉన్నది ఈ వెళ్లగొట్టడమే.

అక్కడ జనం రాకముందే కౌంటీలకు పేర్లొచ్చాయి. పాలన మొదలైన తొలి పాన్‌హ్యాండిల్ కౌంటీ వీలర్, అదీ 1879లో. ఆస్టిన్‌లో శాసనసభ భవనం కట్టించినందుకు ప్రతిఫలంగా రాష్ట్రం పాన్‌హ్యాండిల్ వైపు 30 లక్షల ఎకరాలు ఇచ్చేసింది. పది కౌంటీల్లో పరుచుకున్న ఎక్స్ఐటీ పశుక్షేత్రం అలా పుట్టింది. పాన్‌హ్యాండిల్ పైహద్దు 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశం దగ్గర ఆగడానికి కారణం బానిసత్వం. 1820 నాటి మిస్సోరీ ఒప్పందం ఆ గీతకు ఉత్తరాన బానిసత్వాన్ని నిషేధించింది. బానిసల్ని వదులుకోని టెక్సస్, 1850లో కోటి డాలర్లు తీసుకుని గీతకు ఉత్తరాన ఉన్న నేలను, దాంతోపాటు పడమటి భూములను వదులుకుంది.

పేకోస్ నది దాటితే ఎడారి, కొండలు. నీళ్లు లేనిచోట జనమూ పలచనే, కౌంటీలను చీల్చమని అడిగేవారూ తక్కువే. బ్రూస్టర్ కౌంటీ ఒక్కటే 16,000 చదరపు కిలోమీటర్లు, కనెక్టికట్ రాష్ట్రం కంటే పెద్దది. డాలస్ పక్కనున్న రాక్‌వాల్ 400 కూడా లేదు.

2020 జనగణనలో హ్యూస్టన్ ఉన్న హ్యారిస్ కౌంటీ జనాభా 47 లక్షలు. తెలుగు కుటుంబాలు ఎక్కువగా స్థిరపడిన ప్లేనో, ఫ్రిస్కోల వైపు కాలిన్ కౌంటీ పది లక్షలు దాటింది. పేకోస్ ఒడ్డున, పశువుల మందలు తోలిన ఆలివర్ లవింగ్ పేరిట ఉన్న లవింగ్ కౌంటీలో 1893లో పాలన మొదలైంది; అది 1897లో రద్దయి, చమురు పడ్డాక 1931లో మళ్లీ నిలబడింది. 2020లో అక్కడ లెక్కకొచ్చినవారు 64 మంది.