ఏంది మే, కసుర్తావు?

పొద్దు గూకినా అరుగు మీద కడప బండ ఇంకా కాలుతూనే ఉంది. కమలాపురం ఎండాకాలం అంతే. మీరు అవ్వ పక్కన గోడకానుకుని కూర్చున్నారు. ఆమెకు డెబ్బై దాటాయి, చెవికి మిషను ఉంది. గుంతకల్లు–రేణిగుంట లైన్లో రైలు కూతేస్తే అటు తల తిప్పింది. వినపడుతోందన్నమాట.

లోపల్నుంచి కోడలు కేకేసింది. "అత్తా, ఇంకో ముద్ద సంగటి తినకుంటే నిన్ను పాపాఘ్ని ఏటి ఇసకలో పారేసొచ్చా!"

మీకు నవ్వొచ్చింది. వేళాకోళమంతా ఆ మాట చివర సాగదీతలోనే ఉంది. అవ్వ నవ్వలేదు. "నన్ను ఇసకలో పారేచ్చదంట" అని మీకు మెల్లగా చెప్పింది. ఒక్క మాటా పోలేదు, నవ్వొక్కటే పోయింది.

కోడలు గడప దాటి వచ్చి గొంతు పెంచింది. "నగుసాట్లకన్నాలే అత్తా!"

"ఏంది మే, కసుర్తావు?"

ఇదీ చిక్కు. గట్టిగా అరిస్తే గొంతు బిగుసుకుంటుంది, స్వరం పైకి పోతుంది. కోపమొచ్చినప్పుడూ అంతే కదా! ఇక అవ్వకు అనుమానం ఎక్కువని ఇంట్లో అనుకోవడం మొదలవుతుంది. అది అన్యాయం.

వయసు మీదపడితే ముందుగా పోయేవి స, శ, ఫ లాంటి సన్నని ధ్వనులు. స్వరం ఎత్తుపల్లాలు నడిచేది చాలావరకు సెకనుకు 100–250 కంపనాల దగ్గర. అక్కడ ముసలి చెవి తరచూ బాగానే పనిచేస్తుంది. కానీ వాటిలోని చిన్న తేడాలను పట్టుకోవాల్సింది మెదడు. వయసుతో ఆ పట్టు సడలుతుంది. అందుకే చెవులు బాగున్న పెద్దవాళ్లు కూడా పడుచువాళ్లంత బాగా గొంతులో భావం గుర్తుపట్టలేరు. మరి మిషను? 2018లో టొరంటో పరిశోధకులు పరీక్షించి చూస్తే, మిషను పెట్టుకున్నాక మాటలు మరింత తెలిశాయి, భావం తెలియడం మాత్రం మెరుగుపడలేదు.

ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్లు కంప్యూటరుకు గొంతులో భావం పట్టే విద్య నేర్పడానికి 2009 నాటికి విజయవాడ ఆకాశవాణి కళాకారులు పదిమందితో 15 తెలుగు వాక్యాలను 8 భావాల్లో పలికించారు. పది విడతల్లో మొత్తం 12,000 రికార్డింగులు. ఎనిమిదిలో వెటకారమూ ఒకటి. (మా సీమలో సగం సంసారం దాంతోనే నడుస్తుంది.) వాక్యం అదే, గొంతు మారితే అర్థం మారుతుంది. అవ్వకు వాక్యం వరకే అందుతోంది.

ఫోను మోగింది. కువైట్ నుంచి మనవడు. కోడలు స్పీకర్ పెట్టింది.

"బాగుండా అవ్వా." ఆ గొంతు జీరపోయింది. మీరు విన్నారు, కోడలూ విన్నది.

"బాగుండాడంట!" అవ్వ సంబరపడింది. అంతలోనే కోడలి వైపు చూసి ఆగింది.

"ఏమ్మే, మొగం అట్ల పెట్టినావు?"

కోడలు మాట్లాడలేదు.

"వీడియో పెట్టమను వాన్ని. నేను సూడాల."