పాదరసం పట్టిన నేలల శుద్ధి: రాయలసీమ బంగారు భూములు

రాతిపిండిలోని బంగారు నలుసులను పాదరసంతో పట్టి, ఆ ముద్దను కాల్చి లోహాన్ని వేరుచేసే పద్ధతి చిన్నతరహా తవ్వకాల్లో నేటికీ సాగుతోంది. అలాంటిచోట నేలలో మిగిలిన పాదరసాన్ని తీసేయడం, లేదా కదలకుండా కట్టడి చేయడమే ఈ శుద్ధి. మనుషుల పనుల వల్ల గాలిలో కలిసే పాదరసంలో మూడో వంతుకు పైగా ఈ చిన్నతరహా బంగారు తవ్వకాల నుంచే వస్తోందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2018 నివేదిక తేల్చింది.

రాయలసీమకు బంగారంతో బంధం పాతది. కర్నూలు జిల్లా తుగ్గలి మండలం జొన్నగిరి చుట్టూ ప్రాచీన తవ్వకాల ఆనవాళ్లున్నాయి. దగ్గర్లోని ఎర్రగుడి గుట్టపై అశోకుడి శాసనాలున్నాయి. అశోకుడి కాలపు సువర్ణగిరి జొన్నగిరేనని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. 2013లో జొన్నగిరిలో జియోమైసూర్ సంస్థకు గని లీజు దక్కింది. సరిహద్దు దాటితే కోలారు. చిత్తూరు వైపు నుంచి ఎందరో తెలుగువాళ్లు కూలికి వెళ్లిన గనులవి. తొలినాళ్లలో అక్కడ దంచిన రాతిపిండిని పాదరసం పూసిన రాగి రేకుల మీదుగా పారించి బంగారం పట్టేవారు. సయనైడ్ ఆ తర్వాత వచ్చింది. 2001లో గనులు మూతపడ్డాయి గానీ, 3 కోట్ల టన్నులకు పైగా రాతిపిండి దిబ్బలుగా అక్కడే ఉండిపోయింది.

కడప జిల్లాలో బంగారు గని పేరు వినపడదు, ప్రొద్దుటూరు బంగారు బజారు పేరు వినపడుతుంది. కంసాలి వీధుల దుమ్మునూ కాలువ మట్టినీ జలగడిగి బంగారం రాబట్టడం తెలుగునాట తరతరాల వృత్తి. దేశంలో చాలాచోట్ల ఈ పనిలో చివరి నలుసుల కోసం పాదరసం వాడతారు. ఆ వాడకం ఉన్న ఊరేదైనా, మట్టి పరీక్ష ముద్దను కాల్చే కొలిమి చుట్టూ, కడిగిన నీళ్లు పారే కాలువలో మొదలుకావాలి. గని గోతుల దాకా వెళ్లడం ఆ తర్వాతి మాట.

పాదరసం మూలకం. కుళ్లదు, విరగదు, రూపం మాత్రం మార్చుకుంటుంది. నీటికంటే 13 రెట్లకు పైగా బరువైన ఆ బొట్టు నల్లరేగడి పగుళ్లలోంచి లోతుకు జారిపోతుంది. ఎర్రనేలలో బంకమట్టి, ఇనుప ఆక్సైడ్లు దాన్ని పట్టి ఉంచుతాయి. ఎండకు కొంత ఆవిరవుతుంది, కొంత దుమ్ముతో లేస్తుంది. అన్నిటికన్నా ప్రమాదం నీరు నిలిచి గాలి ఆడని బురదలో ఉంది. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తాయి. అది చేపల్లో పేరుకుని, తిన్నవారి నరాలను, కడుపులోని బిడ్డ మెదడును దెబ్బతీస్తుంది.

అందుకే వానలు తక్కువైన సీమలో శుద్ధి క్రమమే వేరుగా ఉండాలి. పొడినేలలో మిథైల్ రూపం తక్కువగా పుడుతుంది. ఒక్క జడివానకు ఆ మట్టి వంకలో పడి చెరువు చేరితే మాత్రం పరిస్థితి తిరగబడుతుంది. తొలకరికి ముందే పైనుంచి వచ్చే నీటిని గట్టుతో మళ్లించాలి, మట్టి కుప్పలను కప్పాలి. తవ్వడం ఆ తర్వాతే.

తవ్విన మట్టి శుద్ధికి దక్షిణ భారతంలో బాగా తెలిసిన ఉదాహరణ కొడైకెనాల్. అక్కడి థర్మామీటర్ ఫ్యాక్టరీ 2001లో మూతపడింది. కిలో మట్టిలో పాదరసం 20 మిల్లీగ్రాములకు మించకూడదన్న లక్ష్యం మీద ఏళ్ల తరబడి వాదం నడిచింది. పక్కనే పాంబార్ షోలా అడవి ఉన్నప్పుడు ఇంకా కఠినమైన హద్దు ఉండాలన్న స్థానికుల పట్టు న్యాయమైనదే. అక్కడ ఎంచుకున్న పద్ధతి సూటిగానే ఉంటుంది. మట్టిని జల్లించి కడుగుతారు. పాదరసం ఎక్కువగా సన్నరేణువులకే అంటుకుంటుంది కాబట్టి వాటిని వేరుచేసి, మూసిన బట్టీలో వేడిచేసి, ఆవిరిని చల్లార్చి పట్టుకుంటారు. పాదరసం మరిగేది సుమారు 357 డిగ్రీల సెల్సియస్ దగ్గర.

వేడిచేసే ఖర్చు భరించలేనిచోట గంధకం కలిపి పాదరసాన్ని నీటిలో కరగని సల్ఫైడుగా బిగిస్తారు. అయితే క్షారం ఎక్కువున్న నేలలో సల్ఫైడు మోతాదు మించితే అదే మళ్లీ కరగవచ్చు. సీమలో క్షారనేలలు చాలా ఉన్నందువల్ల ముందుగా పీహెచ్ చూడకుండా గంధకం చల్లకూడదు. థయోసల్ఫేటు వేసిన నేలలో ఆవ మొక్కలు పాదరసాన్ని పైకి లాగుతాయని ప్రయోగాల్లో తేలింది. ఆ మొక్కలు పశువుల మేతకు పోకుండా, పొయ్యిలో పడకుండా కాపలా కాయగలిగినప్పుడే ఆ పద్ధతి పనికొస్తుంది.

పాత రాతిపిండి దిబ్బల్లో మిగిలిన బంగారం కోసం దానికి సయనైడ్ పెట్టడం మరో ముప్పు. సయనైడ్ బంగారంతోపాటు పాదరసాన్నీ కరిగించి నీటిలోకి దింపుతుంది. ముందుగా పాదరసం తీయకుండా ఇలా చేయడాన్ని మాన్పించాలని పాదరసంపై అంతర్జాతీయ ఒప్పందమైన మినమాటా ఒప్పందం చెబుతోంది. ఆ ఒప్పందాన్ని భారత్ 2018లో ఆమోదించింది.

2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణకు నియమాలు తెచ్చింది. అనుమానిత స్థలాన్ని గుర్తించడం, పరీక్షించడం, కారకులతో ఖర్చు పెట్టించడం వాటిలో ఉన్నాయి. గని తవ్వకాల వల్ల చెడిన నేలను మాత్రం చాలావరకు ఆ పరిధిలోంచి తప్పించారు. దాంతో గని నేల బాధ్యత గనుల చట్టం కింద రాసే గని మూసివేత ప్రణాళిక మీద, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి షరతుల మీద పడింది. జొన్నగిరి వంటి చోట గ్రామసభ చదవాల్సిన కాగితాలు ఆ రెండే.